పోటు తగ్గినా మిగిలే ఉప్పు: పేగుపూత వ్యాధుల్లో నరాల పెరుగుదల కారకం

ఓడలరేవులో పోటు అనే మాటకు రెండర్థాలు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట నీళ్లు ఎగదన్నితే అదీ పోటే, కడుపులో పొడిచినట్టుంటే అదీ పోటే. మా బాబాయి రెండింటినీ ఎరిగినవాడు. వేటకు వెళ్లిన రోజుల్లో మొదటి పోటును చూసుకుని పడవ తీసేవాడు. యాభై దాటాక రెండోది ఆయన్ని పట్టుకుంది. నెత్తురు, జిగట కలిసిన విరేచనాలు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం. ఉన్న చొక్కాలన్నీ వదులైపోవడం. మొదట మొలలన్నారు, ఆ తరువాత అమీబియా అన్నారు. చివరికి కొలనోస్కోపీ చేసిన డాక్టరుగారు అల్సరేటివ్ కోలైటిస్ అని తేల్చారు. మెసలమైన్ మాత్రలు, కొన్నాళ్లు స్టెరాయిడ్లు వాడాక నెత్తురు ఆగింది, ఒళ్లు తేరుకుంది.

ఏడాది తరువాత మళ్లీ పరీక్షకు నేనే వెంట వెళ్లాను. తెర మీద పేగు లోపలి గోడ లేత గులాబీ రంగులో, తడిగా, నున్నగా కనిపించింది.

"బాగా మానిందండి. పుండ్లేమీ లేవు" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్. మరి ఈ పోటేటండి? తిన్న అరగంటకి ఎడంపక్క పొడిసేత్తందండి."

"లోపల ఏమీ లేదు కదండీ. గ్యాస్ అయ్యుంటుంది."

తిరుగు బస్సులో బాబాయి అమలాపురం దాటేదాకా నోరు విప్పలేదు. ఆ తరువాత నా వైపు తిరిగి, "ఒరే, లోపలేం లేదంటే నేను కట్టుకతలు సెబుతున్నట్టా?" అన్నాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట పడి రాసింది. పుండు మానిన పేగు ఎందుకు నొస్తుంది? దీనికి వైద్యశాస్త్రం కూర్చుకున్న జవాబుల్లో ముఖ్యమైనది ఒక చిన్న ప్రోటీను చుట్టూ తిరుగుతుంది. దాని పేరు నరాల పెరుగుదల కారకం, పొట్టి పేరు ఎన్‌జీఎఫ్. పేగులో వాపు రేగినప్పుడు ఇది పెరుగుతుంది. పెరిగి ఏం చేస్తుందన్న దగ్గరే వాదం. నొప్పిని పెంచుతుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి, పేగును కాపాడుతుందని మరికొన్ని చెబుతున్నాయి. రెండూ నిజమేనన్నది, ఈ జబ్బులో నొప్పిని ఎలా చూడాలో ఆ రెండు నిజాలను కలిపి చూస్తేనే తెలుస్తుందన్నది నా మాట.

రెండు జబ్బులు, ఒక చిక్కు

మన పత్రికలు పేగుపూత అని రాసే జబ్బులు ప్రధానంగా రెండు. అల్సరేటివ్ కోలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పట్టుకుంటుంది. పురీషనాళం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. అక్కడో మచ్చ ఇక్కడో మచ్చగా వచ్చి, పేగు గోడను మందమంతా తొలిచేస్తుంది. మొదటిదాన్ని 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ వర్ణించాడు. రెండోదాన్ని 1932లో న్యూయార్క్ వైద్యులు బర్రిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ లోకానికి తెలిపారు. పేగులోని సూక్ష్మజీవులతో సర్దుకుపోవలసిన రక్షణ వ్యవస్థ వాటి మీదికి ఎగబడి సొంత గోడను కాల్చుకోవడమే రెండింటికీ మూలం. జన్యువులు, తిండి, చుట్టూ ఉన్న వాతావరణం తలా ఒక చెయ్యి వేస్తాయి.

ఇది తెల్లవాళ్ల జబ్బు, మహా అయితే పట్నవాసుల జబ్బు అనే నమ్మకం మన దగ్గర చాలాకాలం నడిచింది. 2003లో అచ్చయిన పంజాబ్ సర్వే లక్ష మందిలో 44 మందికి అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నట్టు చూపింది. ఆసియా–పసిఫిక్‌లోని 13 దేశాలు, ప్రాంతాలు కలిసి రెండు జబ్బుల కొత్త కేసులను లెక్కగట్టినప్పుడు ఆసియాలో అన్నిటికన్నా పైన నిలిచింది మన హైదరాబాదే. అక్కడ ఏడాదికి లక్షకు 9 పైచిలుకు కొత్త కేసులు తేలాయి. పల్లెల సంగతిని హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తేల్చారు. కడుపు, విరేచనాల బాధలున్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 5 మందికి పైగా పేగుపూత బయటపడింది. పల్లెకూ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కోనసీమలో మొలలనీ అమీబియా అనీ తిరిగినవాళ్లలో ఈ జబ్బు వాళ్లూ కలిసిపోయి ఉంటారనడానికి ఆ లెక్క చాలు.

మందులు మెరుగయ్యాయి. మెసలమైన్, స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ తరువాత 1998 నుంచి ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాయి. వాపును అణచడం ఇప్పుడు చాలామందిలో సాధ్యమే. అయినా జబ్బు సద్దుమణిగిన రోగుల్లో సుమారు మూడో వంతు మందికి నొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడా పోవడం లేదని 2012లో అంతకుముందరి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన హాల్పిన్, ఫోర్డ్ అనే పరిశోధకులు తేల్చారు. అంటే బస్సులో మా బాబాయి ఒంటరివాడు కాదు.

పడకగదిలో మొదలైన వెతుకులాట

ఎన్‌జీఎఫ్ కథకు పేగుతో మొదట్లో ఏ సంబంధమూ లేదు. 1938లో ఇటలీ ఫాసిస్టు ప్రభుత్వం యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టింది. అలా ఉద్యోగం పోయిన వాళ్లలో రీటా లెవీ-మొంటాల్చినీ ఒకరు. టూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుని, కోడిగుడ్లు తెచ్చుకుని, పిండాల్లో నరాలు ఎలా పుడతాయో, ఎలా చస్తాయో చూస్తూ కూర్చుందామె. యుద్ధం ముగిశాక విక్టర్ హాంబర్గర్ పిలుపు మీద అమెరికాలోని సెయింట్ లూయిస్ వెళ్లింది. ఎలుక కణితి ముక్కను కోడి పిండంలో నాటితే నరాలు గుంపులు గుంపులుగా దానిలోకి చొచ్చుకుపోయాయి. కణితి ఏదో రసం వదులుతోంది, నరాలు దాని కోసం పరుగెడుతున్నాయి. 1952లో రియో డి జనీరోలో గాజు పళ్లెంలో ప్రయోగం చేసింది. కణితి పక్కన పెట్టిన నాడీ కణాల ముద్ద నుంచి రాత్రికి రాత్రే సూర్యుడి చుట్టూ కిరణాల్లా తీగలు మొలిచాయి.

ఆ రసమేమిటో తేల్చే పని స్టాన్లీ కోహెన్ అందుకున్నాడు. దారిలో అతనికి అది పాము విషంలో దొరికింది, ఆ తరువాత మగ ఎలుక లాలాజల గ్రంథిలో ఇంకా దండిగా దొరికింది. ఇద్దరికీ 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. 118 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకూడితే ఒక ఎన్‌జీఎఫ్ అణువు. పిండ దశలో దాని పని సూటిగా ఉంటుంది. అవయవం కొద్దికొద్దిగా ఎన్‌జీఎఫ్ వదులుతుంది, అది అందిన నరం బతుకుతుంది, అందనిది చస్తుంది.

పెద్దయ్యాక ఆ పని మారుతుంది. నొప్పి తెలిపే నరాలకు బతకడానికి ఎన్‌జీఎఫ్ అంతగా అక్కర్లేదు. ఎంత తొందరగా ఉలిక్కిపడాలో చెప్పడానికి మాత్రం అది కావాలి. ఆరోగ్యవంతులకు ఎన్‌జీఎఫ్ ఇంజెక్షన్ ఇస్తే కండరాలు నొప్పి పుట్టాయని 1994లో వచ్చిన నివేదిక ఈ మార్పును మనుషుల్లోనే చూపింది. మరో సంగతి 1977లోనే బయటపడింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎన్‌జీఎఫ్ ఇస్తే ఒంట్లో మాస్ట్ కణాలు పెరిగిపోయాయని లెవీ-మొంటాల్చినీ, ఆమె సహచరుడు లుయీజీ అలో చూశారు. మాస్ట్ కణాలంటే హిస్టమిన్ సంచులు మోసుకు తిరిగే కాపలా కణాలు. నరాల కోసమే అనుకున్న ప్రోటీను రక్షణ వ్యవస్థతోనూ మాట్లాడుతోందని అప్పుడు తెలిసింది. పేగుపూతలో దాని పాత్రకు ఆ సంగతే తలుపు తీసింది.

పేగుకున్న సొంత నరాలు

పేగు గోడలో 10 కోట్లకు పైగా నాడీ కణాలున్నాయి. కండర పొరల మధ్య అవుర్‌బాక్ వల, లోపలి పొర కింద మైస్నర్ వల పరుచుకుని, మెదడు చెప్పినా చెప్పకపోయినా పేగును కదిలిస్తూ, నీటిని పీలుస్తూ వదులుతూ ఉంటాయి. 1921లో బ్రిటిష్ శాస్త్రవేత్త లాంగ్లీ దీన్ని ప్రత్యేక నాడీ వ్యవస్థగా లెక్కగట్టాడు. ఈ వలలకు ఊతంగా గ్లియా కణాలుంటాయి. ఇవి కాక, నొప్పి వార్తను మోసే నరాలు వెన్నుపాము పక్కనున్న ముడుల నుంచి బయలుదేరి పేగు గోడలో కొసలు చాపుకుని కూర్చుంటాయి. ఎన్‌జీఎఫ్ ఎక్కువగా పట్టు దొరకబుచ్చుకునేది ఈ చివరివాటి మీదే.

కణం మీద దానికి రెండు కొక్కేలున్నాయి. ట్రాక్-ఏ అనే గ్రాహకం గట్టిగా పట్టుకుని పెరుగు, మేలుకో అని చెబుతుంది. పీ75 అనే రెండోది వేళను బట్టి మాట మారుస్తుంది. ఎన్‌జీఎఫ్ ఇంకా పూర్తిగా తయారుకాని ముడి రూపంలో ఉంటే పీ75ను పట్టుకుని కణాన్ని చావు దారి పట్టించగలదని 2001లో తెలిసింది. అందుకే ఎన్‌జీఎఫ్ పెరిగిందన్న ఒక్క మాట సరిపోదు. ఏ రూపంలో, ఏ గ్రాహకం దగ్గర అని కూడా అడగాలి.

వాపు రేగిన పేగులో దీన్ని ఎవరు తయారుచేస్తున్నారని వెతికితే వేళ్లు చాలామంది వైపు చూపాయి. లోపలి పొర కణాలు, మాస్ట్ కణాలు, గ్లియా కణాలు, అందరూ భాగస్వాములే. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి వాపు దూతలు తగిలితే గ్లియా కణాలు ఎన్‌జీఎఫ్ ఎక్కువగా వదులుతాయని 2006లో జర్మనీ పరిశోధకులు కణాలను విడిగా పెంచి చూపారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అణచేది ఈ టీఎన్ఎఫ్‌నే. మనం మంట ఆర్పడానికి వాడే మందు, ఎన్‌జీఎఫ్‌ను పురిగొల్పే గొంతుల్లో ఒకదాన్ని కూడా నొక్కుతోందన్నమాట.

నూకంత ముక్కలో ఏముంది

ఇక మనుషుల పేగుల సంగతి. కొలనోస్కోపు గొట్టంలోంచి సన్నని తీగ వెళుతుంది. దాని కొసన చీమ తల లాంటి పటకారు నోరు తెరిచి, బియ్యపు నూకంత ముక్కను తుంచుకొస్తుంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ల్యాబ్‌లో నీరంతా తీసేసి, మైనంలో పోత పోసి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుండే రేకులుగా కోస్తారు. మామూలుగా వేసేవి ఊదా, గులాబీ రంగులు. ఆ రంగుల్లో కణాల గుంపులు తెలుస్తాయి, పుండు తెలుస్తుంది, చీము తెలుస్తుంది. లోపలి పొరలో దారప్పోగు కన్నా ఎన్నో రెట్లు సన్నగా పాకే నొప్పి నరాలు మాత్రం తెలియవు. వాటిని చూడాలంటే నరాన్నే గుర్తుపట్టే యాంటీబాడీతో వేరే రంగు పూయాలి. అప్పుడు గ్రంథుల మధ్య గోధుమ రంగు పోగులు ఒక్కొక్కటే బయటపడతాయి.

రోజూ ఆసుపత్రుల్లో ఈ రెండో రంగు వేయరు, వేయవలసిన అవసరం కూడా పడదు. కాని సంగతి గమనించాలి. "లోపల ఏమీ లేదు" అన్న నివేదిక నరాలను చూసి ఇచ్చింది కాదు. చూడని చోట ఏమీ లేదనడం వేరు, చూసి లేదనడం వేరు.

పరిశోధకులు చూసినప్పుడు ఉంది. 2000లో డి మోలా, సహచరులు శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్కల్లో ఎన్‌జీఎఫ్‌నూ దాని ట్రాక్-ఏ గ్రాహకాన్నీ కొలిచారు. క్రోన్స్‌లోనూ అల్సరేటివ్ కోలైటిస్‌లోనూ ఆ రెండు జన్యువులు ఆరోగ్యవంతులకన్నా చురుగ్గా పనిచేస్తున్నాయి. క్రోన్స్‌లో నరాల వలనే వాపు చుట్టుముడుతుంది. కోసి తీసిన పేగు అంచున అవుర్‌బాక్ వలలో అలాంటి వాపు కనిపించినవాళ్లకు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని 2006లో బెల్జియం వైద్యులు చూపారు. అంటే ఈ జబ్బులో నరాలు ఊరికే చూస్తూ కూర్చున్న సాక్షులు కావు.

కారం తగిలే తలుపు

పేగుపూత వచ్చినవాళ్ల నోట ముందుగా వచ్చే మాట "కారం పడట్లేదండి." ఆవకాయ లేని అన్నం అన్నమే కాదనుకునే ఇంట్లో అది చిన్న మాట కాదు. దాని వెనక ఒక అణువు ఉంది. మిరపకాయలోని క్యాప్సేసిన్ నరం కొసన ఉండే ఒక తలుపును తెరుస్తుంది. 1997లో దాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. టీఆర్‌పీవీ1 అనే ఆ తలుపు మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ వేడికి తెరుచుకుంటుంది, పులుపుకు కూడా కదులుతుంది. తెరుచుకుంటే మెదడుకు చేరే కబురు ఒక్కటే, మంట.

ఎన్‌జీఎఫ్ ఈ తలుపు మీద రెండంచెలుగా పనిచేస్తుంది. నిమిషాల్లో, నరం లోపల దాచి ఉంచిన తలుపులను తెచ్చి పై పొరలో బిగిస్తుంది. రోజుల్లో, ట్రాక్-ఏ పట్టుకున్న ఎన్‌జీఎఫ్ నరం వెంబడి ప్రయాణించి వెన్ను పక్కనున్న ముడిలోని కణ కేంద్రకానికి వార్త చేరవేస్తుంది. అక్కడి నుంచి టీఆర్‌పీవీ1తో పాటు, నరం వదిలే సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే కబురు రసాయనాల లాంటి సరుకు ఎక్కువగా తయారై కొసలకు వస్తుంది. కొసలు కూడా కొత్తగా చిగురిస్తాయి. ఒకప్పుడు ఒక తలుపున్న చోట పది తలుపులు లేస్తాయి. అప్పుడు పేగు మామూలుగా సాగినా, కొద్దిగా గాలి నిండినా, పులుపు తగిలినా పోటు లేస్తుంది.

2001లో లండన్ పరిశోధకులు వాపున్న పేగుల్లో టీఆర్‌పీవీ1 నరాలు పెరిగాయని చూపారు. 2010లో అక్బర్, సహచరులు మా బాబాయి ప్రశ్ననే సూటిగా అడిగారు. జబ్బు సద్దుమణిగినా నొప్పి ఉన్నవాళ్లను, సద్దుమణిగి నొప్పి లేనివాళ్లను, ఆరోగ్యవంతులను పక్కపక్కన పెట్టి చూశారు. నొప్పి ఉన్నవాళ్ల పేగులో ఈ నరాల పోగులు ఆరోగ్యవంతులకన్నా సుమారు 4 రెట్లున్నాయి. నొప్పి లేనివాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. వాపు చూపే కణాలు మాత్రం అందరిలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి.

పుండు లేని పేగులో నొప్పికి శరీరంలో చిరునామా దొరికిన పరీక్ష అది.

ఒకే ఎలుక, రెండు సాక్ష్యాలు

ఇంతవరకు వింటే, ఎన్‌జీఎఫ్‌ను ఆపేస్తే సరి అనిపిస్తుంది. ఎలుకల మీద అదే చేశారు. టీఎన్‌బీఎస్ అనే రసాయనం పెద్దపేగులో ఎక్కిస్తే ఎలుకకు క్రోన్స్‌ను పోలిన పుండ్లు వస్తాయి. 2003లో ఫ్రాన్స్‌కు చెందిన డెలాఫ్వా బృందం అలాంటి ఎలుకలకు ఎన్‌జీఎఫ్‌ను పట్టి బంధించే యాంటీబాడీ ఇచ్చింది. బుడగతో పేగును సాగదీస్తే అంతకుముందు తొందరగా ముడుచుకుపోయిన ఎలుక ఇప్పుడు ఓర్చుకుంది. నొప్పి తగ్గింది.

అదే రసాయనం, అదే జాతి జంతువు, అదే ఆలోచన. కానీ దీనికి మూడేళ్ల ముందే, 2000లో, జర్మనీలో రైన్స్‌హాగెన్ బృందం అలాగే ఎన్‌జీఎఫ్‌ను బంధించి నొప్పికి బదులు పుండును కొలిచింది. యాంటీబాడీ అందుకున్న ఎలుకల్లో పేగు వాపు తగ్గకపోగా బాగా ముదిరింది. ఎన్‌జీఎఫ్ తోబుట్టువైన న్యూరోట్రోఫిన్-3ను బంధించినా అదే ఫలితం.

ఈ రెండు పరీక్షలను విడివిడిగా చదివినవాళ్లు రెండు వర్గాలుగా చీలారు. కలిపి చదివితే తగువు లేదు. ఎన్‌జీఎఫ్ మేల్కొలిపే నరమే నొప్పి చెబుతుంది, ఆ నరమే పేగును కాపాడుతుంది. ఎలా కాపాడుతుందో 2022లో సెల్ పత్రికలో వచ్చిన రెండు వ్యాసాలు విప్పి చెప్పాయి. నొప్పి నరాలు కొసల నుంచి వదిలే సీజీఆర్‌పీ, పక్కనే ఉండి జిగురు వదిలే గాబ్లెట్ కణాలను తట్టి జిగురు పొరను మందం చేయిస్తుంది. ఆ నరాలను తీసేసిన ఎలుకల్లో జిగురు పలచబడింది, సూక్ష్మజీవుల పొందిక చెదిరింది, కోలైటిస్ ముదిరింది. నొప్పి తెలిపేవాడే గోడకు పూత వేసే మేస్త్రీ కూడా అని తేలింది.

తోబుట్టువులూ దిగుళ్లూ

ఎన్‌జీఎఫ్ ఒంటరిది కాదు. 1982లో పంది మెదడు నుంచి తీసిన బీడీఎన్ఎఫ్, పైన చెప్పిన న్యూరోట్రోఫిన్-3, న్యూరోట్రోఫిన్-4 ఒకే కుటుంబం. 1993లో దొరికిన జీడీఎన్ఎఫ్ వేరే కుటుంబం, కానీ పేగులో దాని పని చాలా దగ్గరిది. గర్భంలో పేగు నరాలు పుట్టడానికే అది కావాలి. దాని గ్రాహకాన్ని తయారుచేసే రెట్ జన్యువు దెబ్బతింటే పెద్దపేగు చివరన నరాలు లేకుండా బిడ్డ పుట్టే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి వస్తుంది. పెద్దవాళ్లలో గ్లియా కణాలు వదిలే జీడీఎన్ఎఫ్ లోపలి పొర కణాలను చావు నుంచి కాపాడి గోడ అతుకులు బిగిస్తుందని ప్రయోగాలు చెబుతున్నాయి. నొప్పి విషయంలో ఎన్‌జీఎఫ్‌కు ఉన్నంత చెడ్డపేరు దానికి లేదు. పేగు మరమ్మతుకు కొందరి చూపు అందుకే జీడీఎన్ఎఫ్ మీద ఉంది.

దిగులు పడితే పేగు బాధ ఎక్కువవుతుందని చాలామంది రోగులు చెబుతారు. ఇది ఊహ కాదనడానికి ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి వచ్చిన పరిశోధనలున్నాయి. పుట్టిన కొత్తలో రోజూ కొన్ని గంటలు తల్లికి దూరం చేసిన ఎలుక పిల్లలు పెద్దయ్యాక పేగు సాగితే ఓర్వలేకపోయాయి, పేగు గోడ కారుడు కూడా పెరిగింది. ఒత్తిడి హార్మోను సీఆర్ఎఫ్ మాస్ట్ కణాలను, అవి ఎన్‌జీఎఫ్‌ను కదిలించే గొలుసు దీనికి కారణమని బరో బృందం 2000ల్లో వరసగా చూపింది. మాస్ట్ కణం ఎన్‌జీఎఫ్ వదులుతుంది, ఎన్‌జీఎఫ్ నరాన్ని లేపుతుంది, నరం సబ్‌స్టెన్స్ పీ వదిలి మాస్ట్ కణాన్ని మళ్లీ తడుతుంది. గానుగెద్దు తిరిగినట్టు ఈ చుట్టు ఒకసారి మొదలైతే, మొదలుపెట్టిన వాపు పోయినా కొంతకాలం తిరుగుతూనే ఉంటుంది.

అడ్డుకోబోయి నేర్చిన పాఠం

ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే మందు మనుషుల్లో ఎంతదూరం వెళ్లిందో చూడాలంటే పేగును వదిలి మోకాళ్ల దగ్గరకు రావాలి. టానెజుమాబ్ అనే ఇంజెక్షన్ కీళ్లనొప్పిని నిజంగానే తగ్గించింది. కానీ కొందరిలో కీళ్లు వేగంగా అరిగిపోవడం చూసి 2010లో అమెరికా నియంత్రణ సంస్థ పరీక్షలను నిలిపివేయించింది. మళ్లీ మొదలుపెట్టాక 2021 మార్చిలో ఆ సంస్థ సలహా సంఘం 19–1 ఓట్లతో మందును తోసిపుచ్చింది, ఆ ఏడాదే తయారీదారులు దాన్ని వదిలేశారు. నొప్పి తెలియక అరిగిన కీలు మీదే నడిచారా, నరాల ఊతం పోయి కీలు చెడిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

ప్రకృతి ఇదే ప్రయోగం ఎప్పుడో చేసింది. ట్రాక్-ఏ జన్యువు చెడి పుట్టిన బిడ్డలకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. ఎముకలు విరిగినా, నాలుక కొరుక్కున్నా ఏడవరు. ఆ జన్యు లోపాన్ని 1996లో జపాన్ వైద్యులు గుర్తించారు. ఆ ఇళ్లలో నొప్పి లేకపోవడాన్ని ఎవరూ వరమనుకోరు.

ఇంకో వైపు నుంచి చూస్తే ఎన్‌జీఎఫ్ మందుగా అమ్ముడవుతోంది. నరాలు చచ్చి కంటి నల్లగుడ్డు మీద మానని పుండు పడినవాళ్లకు సెనెగెర్మిన్ అనే చుక్కల మందుకు 2017లో ఐరోపాలో, 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది సాక్షాత్తు మనిషి ఎన్‌జీఎఫే. ఒక అవయవంలో ఆపబోతే కీలు అరిగింది, మరో అవయవంలో పోస్తే పుండు మానింది. పేగులో పుండూ నొప్పీ రెండూ ఉన్నాయి కాబట్టి అక్కడ ఏకపక్షంగా తీర్పు చెప్పడం కుదరదు. ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే మందు ఏదీ ఈనాటికి పేగుపూత చికిత్సలోకి రాలేదు.

గోదావరి ఒడ్డు నుంచి చూస్తే

పేగు జబ్బులతో గోదావరి జిల్లాల పరిచయం పాతది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బు బలి తీసుకుంది. ఆయనకూ అది సోకితే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి వైద్యంతో కోలుకున్నారు. అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నేతృత్వం వహించి, స్ప్రూకు విరుగుడైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. ఆ ఆమ్లానికి ఎదురు నిలిచే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం చేతి పనే. 1948లో ఆయన పోయారు. క్రోన్స్‌లో స్టెరాయిడ్ల మీద ఆధారపడ్డవాళ్లకు అదే మెథోట్రెక్సేట్ పనికొస్తుందని 1995లో పరీక్షలు నిరూపించాయి. ఒక పేగు జబ్బు తరిమిన మనిషి, తెలియకుండానే మరో పేగు జబ్బుకు మందు వదిలి వెళ్లారు.

ఇక్కడి వైద్యులకు ఇక్కడి చిక్కులున్నాయి. పేగు క్షయ, క్రోన్స్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి వాడే స్టెరాయిడ్ రెండోదానికి ఆజ్యం పోస్తుంది. కాబట్టి నొప్పి మిగిలిందంటే ముందు నరాల మీద నెట్టేయకూడదు. వాపు నిజంగా ఆరిందో లేదో మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చెబుతుంది. పేగు ఇరుకైందా, క్షయ దాక్కుందా, పాలు పడటం లేదా అని చూడాలి. ఇవన్నీ లేవని తేలాక కూడా నొప్పి ఉంటే, అప్పుడు "గ్యాస్" అని కొట్టేయకుండా నరాల నొప్పి అని పేరు పెట్టి వైద్యం చేయాలి. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్, తిండిలో మార్పులు, దిగులు తగ్గించే మానసిక వైద్యం అందుబాటులో ఉన్న దారులు. పుండు లేకుండా పేగు నొచ్చే ఐబీఎస్ రోగుల్లో అమిట్రిప్టిలిన్ మేలు చేస్తుందని 2023లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష చూపింది. చేయకూడని పని కూడా ఒకటుంది. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగడం. అవి ఆరిన పేగుపూతను మళ్లీ రాజేయగలవు.

మొగ దగ్గర మాట

బాబాయికి ఇదంతా చెప్పాలనుకున్నప్పుడు ట్రాక్-ఏ, టీఆర్‌పీవీ1 అని మొదలుపెట్టలేదు. ఏటి గట్టు మీద కూర్చుని ఉప్పు సంగతి ఎత్తాను. పెద్ద పోటు వచ్చి చేలోకి సముద్రపు నీళ్లు ఎక్కితే, నీళ్లు రెండు రోజుల్లో తీస్తాయి. చూసేవాడికి చేను మామూలుగానే ఉంటుంది. నారు పోస్తే మాడిపోతుంది. నీరు పోయినా ఉప్పు మట్టిలో ఉంది.

"అయితే నా పేగు సవుడు పట్టిందంటావ్" అన్నాడు.

"నీ పేగులో నరాలకు ఉప్పు పట్టింది. నువ్వు కట్టుకథలు చెప్పట్లేదు."

కాసేపు నీళ్ల వైపు చూశాడు. "మరి ఆ ఉప్పు తెచ్చేదాన్ని ఆపెయ్యకూడదేటి?"

జవాబు మా కళ్లెదుటే ఉంది. మురుగు కాలువ సముద్రంలో పడే మొగ నుంచే పోటు నీరు లోపలికి వస్తుంది, వానాకాలం ముంపు నీరు బయటికి పోయేదీ ఆ మొగ నుంచే. అది ఇసుక మేటతో పూడిపోయిన ఏడు చేలు ఎలా మునిగాయో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. పేగులో ఎన్‌జీఎఫ్ మీద ఇరవై అయిదేళ్ల పరిశోధన చేరిన చోటు కూడా ఇదే. మొగ మూసే మందు కోసం వెతికినవాళ్లు చేయి కాల్చుకున్నారు. పోటుకు వేసి, ముంపుకు తీసే తలుపు కోసం ఇప్పుడు వెతుకుతున్నారు. నొప్పిని మాత్రమే అడ్డుకుని మరమ్మతును వదిలేసే దారి, అంటే ఎన్‌జీఎఫ్ జోలికి పోకుండా దాని దిగువనున్న ఒక్కొక్క తలుపునే నెమ్మదింపజేసే దారి, అలాంటిదే. అది దొరికేదాకా చౌడు నేలకు రైతు చేసే పనే పేగుకూ. తీపి నీళ్లు పెడుతూ, ఉప్పు కడుగుతూ, ఒకటి రెండు పంటలు ఓపిక పట్టడం.

బాబాయి మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు నేను లేను. పిన్ని ఫోన్‌లో చెప్పింది. డాక్టరుగారు లోపల ఏమీ లేదనగానే, "ఆయ్, పుండు లేదండి. నరాలున్నాయి కదండి" అన్నాడట.